రెండో అంతస్తు నుంచి కురిసిన కోసిగి వాన

మీరు చాలా నిశ్చితార్థాలు చూసి ఉంటారు. కరెంటు పోయినవి, పురోహితుడు ఆలస్యంగా వచ్చినవి, ఉంగరం వేలికి పట్టక సబ్బు తెప్పించినవి. నడిహాల్లో వాన పడిన నిశ్చితార్థం మాత్రం చూసి ఉండరు. బయట కర్నూలు ఎండ రోడ్డు మీది తారును పాకం పడుతోంది. ఆకాశంలో మబ్బు అన్న మాటే లేదు. అయినా వాన పడింది. హాలంతా కాదు, సరిగ్గా స్టేజీ మీద, పెళ్లికూతురి నెత్తిన, పురోహితుడి పంచాంగం మీద. ఆ వాన కురిపించిన ఘనుణ్ని నేనే.

నవ్వుకోండి, ఫర్వాలేదు. మా బంధువులు నా అనుమతి అడక్కుండానే ఇప్పటికీ నవ్వుతున్నారు. మీరు కనీసం ఈ వాక్యం దాకా ఆగారు.

నా పేరు రాఘవేంద్ర. మంత్రాలయానికి కూతవేటు దూరంలో, కోసిగి పక్కన పుట్టినవాడికి ఇంకో పేరు పెట్టడం కష్టం. మా వీధిలో ‘రాఘవా’ అని పిలిస్తే నలుగురు మనుషులూ ఒక కుక్కా తల తిప్పుతారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఒక కర్మాగారంలో నాణ్యతా విభాగంలో పని చేస్తాను. ఏ యంత్రం ఎక్కడ ఎలా చెడిపోవచ్చో ముందే ఊహించి, పట్టిక వేసి, చెడిపోకుండా చూడటం నా ఉద్యోగం. ఈ వాక్యాన్ని కాస్త గుర్తుంచుకోండి. తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

నిశ్చితార్థం మా ఉమక్కది. అంతకుముందు ఒక సంబంధం తాంబూలాల దాకా వచ్చి తప్పిపోయింది. ఆ పొద్దున పెళ్లికొడుకు మేనత్త భుజం మీద బల్లి పడింది. వచ్చిన కార్లు వచ్చినట్టే వెనక్కి తిరిగాయి. బల్లికి ఏమీ కాలేదు. ఉమక్క కట్టుకున్న పట్టుచీర విప్పి, మడతపెట్టి, మధ్యాహ్నం కాలేజీకి పోయి పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చింది. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. పెట్టి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈసారి సంబంధం అలాంటిది కాదు. సుధాకర్ బావ అదే కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. స్టాఫ్‌రూములో ఒకే బల్లకు చెరోవైపు కూర్చొని పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ, ఇద్దరూ ఒకరికొకరు నూటికి నూరు వేసుకున్నారు. వాళ్లది రాజంపేట. తండ్రి పెంచలయ్య మామకు అరటి తోటలు. మనిషి వెన్నపూస. చిక్కంతా ఆయన అక్క ఓబులమ్మత్తతోనే. ఆ ఇంట్లో ఆమె ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. ఎంత శకునాల మనిషంటే, ఆమె ఎదురొస్తోందని తెలిస్తే పిల్లులే దారి మార్చుకుంటాయట.

నిశ్చితార్థానికి ముందు ఉమక్క నన్ను పక్కకు పిలిచింది.

“రాఘూ, ఈసారి ఏమీ జరగకూడదురా. ఇంకోసారి పట్టుచీర మడతపెట్టే ఓపిక నాకు లేదు.”

“నేనుండాను గదక్కా. నా మీద వదిలెయ్.”

వదిలేసింది. పాపం.

నేను అక్కడితో ఆగే మనిషిని కాదు. ల్యాప్‌టాప్ తెరిచి, నిశ్చితార్థం ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో పట్టిక వేశాను. కరెంటు పోతే జనరేటరు. ఉంగరం బిగుతైతే ముందే దారంతో కొలత. బల్లులుంటే హాలుకు మందు కొట్టించడం. పిల్లి వస్తే గేటు దగ్గర మనిషి. నీళ్ల గురించి కూడా ఒక వరుస ఉంది: ‘నీళ్లు రాకపోతే ఏం చేయాలి?’ నీళ్లు ఎక్కువైపోతే ఏం చేయాలన్న వరుస మాత్రం లేదు. మా వైపు పుట్టినవాడి బుర్రలో ఆ ప్రశ్నకు చోటే ఉండదు.

కోసిగికీ రాజంపేటకూ నడుమ ఉంటుందని కర్నూలు నడిబొడ్డున ఒక హోటల్ మాట్లాడాం. ఆహా, ఏం హోటలండీ అది! లిఫ్టులో నాలుగు వైపులా అద్దాలు. కాలు పెడితే చీలమండ దాకా దిగబడే తివాచీ. మంచం మీద ఎన్ని దిండ్లంటే, పడుకోవాలంటే ముందు కొన్నిటిని ఖాళీ చేయించాలి. రెండో అంతస్తులో వరసగా మా వాళ్ల గదులు, మూడో అంతస్తులో రాజంపేట వాళ్లవి, పై అంతస్తులో స్పా. మొదటి అంతస్తులో హాలు. నా గది రెండొందల నాలుగు. ఆ గది స్నానాలగది సరిగ్గా హాలు స్టేజీకి నెత్తిన ఉందన్న సంగతి హోటల్ కట్టిన మేస్త్రీకి తెలుసు, దేవుడికి తెలుసు, నాకు తెలియదు.

ఆ స్నానాలగదిలో టబ్బు ఉంది. తెల్లగా, నున్నగా, మా ఇంట్లో వడ్లు పోసుకునే గాదె అంత ఉంది. చూడగానే నాకు పట్టలేని ఉత్సాహం వచ్చి, బట్టలతోనే అందులో దిగి కూర్చొని, ఒక ఫొటో తీసి బెంగళూరు మిత్రులకు పంపాను.

నిశ్చితార్థం రోజు పొద్దున్నే అన్ని గదులకూ రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. “సార్, పై ట్యాంకు శుభ్రం చేస్తున్నాం. కాసేపు నీళ్లు రావు. ఇబ్బందికి క్షమించండి.”

‘నీళ్లు రావు.’ ఈ మాట వినగానే నా డిగ్రీ, నా ఉద్యోగం, నా బెంగళూరు అన్నీ ఒక్కసారిగా ఒంటి మీంచి జారిపోయాయి. మిగిలింది కోసిగి వాడు.

ఇక్కడ మీకు మా ఊరి కొళాయి శాస్త్రం చెప్పాలి. మా ఊళ్లో నీళ్లు ఏ రోజు వస్తాయో, ఏ వేళప్పుడు వస్తాయో నీళ్లు వదిలేవాడికి కూడా తెలియదు. అందుకని కొళాయిని ఎప్పుడూ మూయం. తిప్పి, కింద ఖాళీ బిందె పెట్టి ఉంచుతాం. నీళ్లు వచ్చే ముందు కొళాయి ముసలాయన మాదిరి రెండుసార్లు దగ్గుతుంది. తర్వాత బిందె అడుగున ఠంగుమని మొదటి చుక్క. ఆ శబ్దానికి ఇంట్లో నిద్రపోతున్నవాళ్లు లేస్తారు, తింటున్నవాళ్లు లేస్తారు, పోట్లాడుకుంటున్నవాళ్లు పోట్లాట ఆపి బిందెలు అందుకుంటారు. కొళాయి మూసి ఉన్న ఇల్లంటే మా దృష్టిలో తాళం వేసి ఊరికి పోయిన ఇల్లు.

కాబట్టి నేనేం చేశాను? టబ్బుకు బిరడా బిగించాను. కొళాయి పూర్తిగా తిప్పాను. అది దగ్గింది. సొంత ఊరివాడు పలకరించినంత సంతోషమైంది. అప్పుడు నా కన్ను టబ్బు పైఅంచు కింద ఉన్న గుండ్రటి రంధ్రం మీద పడింది. నీళ్లు పొంగకుండా బయటికి పోయే దారి అది. ఇంజనీరుకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. కానీ నా లోపలి కోసిగి వాడు లెక్కవేశాడు: ‘ఈ రంధ్రం వల్ల పైన జానెడు లోతు నీళ్లు దండగ అయితాండాయి గదా!’ ఒక చిన్న తువ్వాలు మడిచి అందులో కుక్కాను. చివరగా, బొద్దింకలు రాకుండా నేల మీది జాలీకి తడిగుడ్డ కప్పడం మా అవ్వ నేర్పిన అలవాటు. అదీ కప్పాను. మూడు పనులూ నీటుగా చేసి, చేతులు దులుపుకొని, నన్ను నేను మెచ్చుకున్నాను.

అప్పుడే తలుపు తట్టారు. పెంచలయ్య మామ.

హాలు మాట్లాడినందుకు హోటల్ వాళ్లు ఇద్దరికి స్పా ఉచితంగా ఇచ్చారు. వియ్యంకుడి మర్యాద కింద నేను దాన్ని మామకు కేటాయించాను. మామ చేతిలో ఆ కూపను రెపరెపలాడుతోంది.

“అబ్బీ రాఘవా, ఒక్కణ్నే పోవాలంటే నాకు భయంగా ఉండాది. నువ్వూ రా.”

“మామా, నాకు కింద పనుండాది.”

“ముహూర్తానికి ఇంకా శానా పొద్దుండాది గదబ్బీ. నాకు తోడు రాకుంటే నేనూ పోను.”

వియ్యంకుడు అలిగితే ఏం చేయాలన్నది కూడా నా పట్టికలో ఉంది. వెళ్లాను.

స్పాలో మాకు తెల్లటి తువ్వాలు గుడ్డ అంగీలు, కాగితం చెప్పులు ఇచ్చారు. ఫోన్లు, బట్టలు, గది తాళాలు లాకరులో పెట్టించారు. పక్కపక్క బల్లల మీద బోర్లా పడుకోబెట్టి ఇద్దరికీ నూనె పోశారు. దీపాలు చిన్నవి చేశారు. ఎక్కడి నుంచో గలగలమని నీళ్లు పారుతున్న చప్పుడు.

నేను దిగ్గున లేచాను. “యాడో కొళాయి కారుతాండాది!”

“మ్యూజిక్ సార్,” అన్నాడు మర్దన చేస్తున్నాయన, గోడకున్న స్పీకరు చూపిస్తూ. “మనసు ప్రశాంతంగా ఉండటానికి.”

ఊరికే నీళ్లు పారుతున్న చప్పుడు వింటూ ప్రశాంతంగా ఉండగలిగిన మనిషి మా మండలంలో లేడు. పళ్లు బిగబట్టి పడుకున్నాను.

“ఏందబ్బీ దీని గొప్ప?” అన్నాడు మామ, ముఖం బల్ల రంధ్రంలో ఉండటం వల్ల బావిలోంచి మాట్లాడుతున్నట్టు. “ఉగాదికి మాయమ్మ ఆముదం పూసి వీపు మీద నాలుగు గుద్దితే ఇంతకంటే బాగుండేది.”

“దీన్ని రిలాక్సేషన్ అంటారు మామా. ఏమీ ఆలోచించకుండా పడుకోవడం.”

“మా తోట కావలోడు రోజూ చేసే పని ఇదే. వానికి నేనే దుడ్లిస్తాండా.”

ఫోన్లు లాకరులో ఉన్నాయి, ముహూర్తం ఎంత దగ్గర పడిందో ఇద్దరికీ తెలియలేదు. తర్వాత మమ్మల్ని వెల్లకిలా తిప్పి, ముఖాలకు ఆకుపచ్చగా ఏదో మెత్తారు. వేపాకు పూతట, చర్మానికి మంచిదట. ఆరేదాకా మాట్లాడొద్దన్నారు. మామకు ఆ నిబంధన నచ్చలేదు.

“అబ్బీ, ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మీ ఊర్లో నీళ్ల కరువంట గదా. మా వాడు పండక్కొస్తే తానానికి నీళ్లుంటాయా అని మా అక్క నిన్నట్నుంచి నసుగుతాండాది.”

నాలో ఊరి పౌరుషం పొంగింది. “మామా, నీళ్లు లేనోళ్లకే నీళ్ల విలువ తెలుస్తాది. మా వాళ్లంత జాగ్రత్త మీకు యాడా కనపడదు. ఒక్క చుక్క దండగ కానీయం. మీ అక్కకు చెప్పు, నా మాటగా చెప్పు.”

“చెప్తాలే అబ్బీ,” అన్నాడు మామ తృప్తిగా.

సరిగ్గా అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. మా పక్కింటి బాషా. చిన్నప్పటి నుంచీ నా స్నేహితుడు, స్టేజీకి దీపాల అలంకరణ వాడిదే.

“రాఘూ! లెయ్ రా! కొంప మునిగినాది!”

“ఎవరి కొంప?” అన్నాను కళ్లు మూసుకునే.

“అరె, మాట వరసకు కాదు భాయ్! నిజంగానే మునుగుతాండాది! స్టేజి మీద వాన పడతాండాది! నా సీరియల్ లైట్లన్నీ పీకి హాలు మెయిన్ ఆపేసి వచ్చినా. నీకు ఫోన్ చేసీ చేసీ నా వేలు అరిగిపోయినాది!”

లేచి పరుగెత్తాను. నూనె కాళ్లకు కాగితం చెప్పులు ఒక అడుగు ముందుకూ రెండు అడుగులు పక్కకూ పోతున్నాయి. వెనకాల మామ. లిఫ్టులో నాలుగు అద్దాల్లో ఎటు చూసినా ఆకుపచ్చ ముఖాలు, తెల్లటి అంగీలు. హాలు తలుపు దగ్గర మా ఉరుకుందవ్వ కుర్చీ వేసుకొని కూర్చుంది. మమ్మల్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎవురప్పా మీరు, పగటి వేషగాళ్లా? ఇప్పుడు గాదు నాయనా, తాంబూలాలు అయినంక రాండి.”

“అవ్వా, నేను, రాఘవని!”

“మా రాఘవ ప్యాంటు ఏసుకుంటాడు లేప్పా. పక్కకు జరుగు.”

ఆమె చెయ్యి కింద నుంచి దూరి లోపలికి పోయాను. లోపల దృశ్యం చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి. స్టేజీ మీది పైకప్పులో దీపాల కోసం చేసిన ప్రతి రంధ్రం నుంచీ ఒక ధార. పూల అలంకారం తడిసి ముద్దై, ఒక్కో బంతిపువ్వూ జారి పడుతోంది. పురోహితుడు పంచాంగాన్ని ఎత్తి పిండుతున్నాడు. సుధాకర్ బావ ఒక వెండి పళ్లాన్ని ఉమక్క నెత్తి మీద గొడుగులా పట్టుకొని నిలబడ్డాడు. పళ్లెం మీద చినుకులు ఠంగు ఠంగుమంటున్నాయి. ఉమక్క కదలడం లేదు. పట్టుచీర కుచ్చిళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకొని నన్నే చూస్తోంది. ఎదుటి వరసలో ఓబులమ్మత్త పైకప్పు వంక చూస్తోంది, పెదవులు బిగించుకొని.

ఇక నేను ఆగలేదు. ఎక్కడ తప్పు జరిగినా విచారణ చేయడం నా వృత్తి. హోటల్ మేనేజరును స్టేజీ ముందే నిలబెట్టాను. ఆయన సూటు, నేను అంగీ.

“ఏమిటండీ ఇది? ఇది హోటలా, జలపాతమా? మీ పైపుల పనితనం ఇదేనా? నేను ఇంజనీరును. చూడగానే చెప్పగలను. ఇది ప్రధాన పైపు జాయింటు పగలడం. నూటికి నూరుపాళ్లు నిర్మాణ లోపం!”

“మావాళ్లు పైకి వెళ్లారు సార్,” అన్నాడాయన నెమ్మదిగా. “ఎవరైనా గదిలో కొళాయి మర్చిపోయారేమో...”

నేను నవ్వాను. ముఖం మీద పూత పటపటమని పగిలింది.

“అసాధ్యమండీ. లెక్క ప్రకారం అసాధ్యం. అలా జరగాలంటే ఒకే మనిషి మూడు తప్పులు ఒకేసారి చేసి ఉండాలి. ఒకటి, టబ్బుకు బిరడా బిగించి కొళాయి తిప్పి పోవాలి. సరే, అంత మతిలేనివాడు ఉన్నాడే అనుకుందాం. అయినా నీళ్లు పొంగవు. ఎందుకంటే పైన ఒక రంధ్రం ఉంటుంది. కాబట్టి రెండు, ఆ రంధ్రంలో ఎవడో పనిగట్టుకొని గుడ్డ కుక్కి...”

ఇక్కడ నా గొంతు ఒక మెట్టు దిగింది.

“...ఉండాలి. అప్పుడైనా నేల మీద జాలీ ఉంటుంది. మూడు... ఆ జాలీ మీద...”

“చెప్పు అబ్బీ, ఆపినావేం?” అన్నాడు పెంచలయ్య మామ ఎంతో గర్వంగా, చుట్టూ ఉన్నవాళ్లకు నన్ను చూపిస్తూ. “మూడోది చెప్పు. పిల్లోడు భలే చెప్తాండాడు.”

మూడోది నేను చెప్పలేదు. మేనేజరు చేతిలోని వాకీటాకీ చెప్పింది. “సార్, రెండొందల నాలుగు. టబ్బు పొంగింది. బిరడా వేసి ఉంది. పైన హోల్‌లో నాప్‌కిన్ కుక్కారు. ఫ్లోర్ జాలీ మీద తడిగుడ్డ కప్పారు సార్.”

మేనేజరు నా వంక భక్తిగా చూశాడు. “చూసినట్టే చెప్పారు సార్!”

“ఇంతకీ ఆ రెండొందల నాలుగులో ఉండే మహానుభావుడు ఎవురప్పా?” అంది ఓబులమ్మత్త, మొట్టమొదటిసారి నోరు విప్పి.

మా నాన్న కళ్లు మూసుకొని, “మావోడే తల్లీ,” అన్నాడు.

“నీళ్లు రానప్పుడు కొళాయి తెరిచిపెట్టి పోయినాడా? ఎవురన్నా అట్ల చేస్తారా?”

ఈ ప్రశ్నకు నాన్న కళ్లు తెరిచాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. “తెరిచిపెట్టకుంటే నీళ్లొచ్చినట్టు ఎట్ల తెలుస్తాదమ్మా?”

మా వైపు కుర్చీల్లో అందరూ తలలూపారు. న్యాయమైన మాట.

వాకీటాకీ మళ్లీ కరకరలాడింది. “సార్, రెండొందల ఐదులో కూడా కొళాయి తెరిచే ఉంది. బకెట్టు పొంగుతోంది.” మా చిన్నాన్న మెల్లగా కుర్చీలోంచి లేచాడు. “ఆరులో కూడా సార్. టీ కెటిలు కూడా నింపి పెట్టారు.” మా మేనత్త కొంగు సర్దుకుంటూ లేచింది. “ఏడులో చెత్తబుట్ట కడిగి నింపారు సార్. ఎనిమిదిలో గ్లాసులు, సబ్బుపెట్టె...” వరుసగా మా బంధువులంతా లేచి, నేల చూపులు చూస్తూ తలుపు వైపు నడిచారు. అందరికంటే వెనక అవ్వ కేకేసింది: “ఒరేయ్, నా చెంబు నిండినాదేమో చూసి, ఇంకోటి పెట్టండిరా!”

మిగతా గదుల్లో నీళ్లు బకెట్టు పొంగి జాలీలోకి పోయాయి. జాలీకి గుడ్డ కప్పి, రంధ్రంలో తువ్వాలు కుక్కేంత చదువు మా వంశంలో నాకొక్కడికే అబ్బింది.

ఓబులమ్మత్త లేచి నిలబడింది.

ఆమె లేస్తే రాజంపేట వైపు కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. ఉమక్క చూపు నా మీంచి ఆమె మీదికి మళ్లింది. ఆ ముఖం చూశాక ఇక నాకు ఇంజనీరింగు గుర్తు రాలేదు. వెళ్లి ఓబులమ్మత్త ముందు నిలబడ్డాను, సరిగ్గా ఒక ధార కింద.

“అత్తా, చేసింది నేను. అక్క కాదు. తిట్టాలంటే తిట్టు, కొట్టాలంటే కొట్టు. లేచి మాత్రం పోవద్దు.”

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. పైనుంచి నీళ్లు నా నెత్తి మీద పడి, ముఖం మీది పచ్చటి పూతను చారలు చారలుగా అంగీ మీదికి దించుతున్నాయి.

“మొగానికి ఏంది అది?”

“వేపాకత్తా.”

“వేపాకా?” ఆమె తమ్ముడి వైపు తిరిగింది. “పెంచలా, వానల్లేక మన తోట ఎండిన ఏడు కప్పతల్లిని ఊరేగించినాం గదా. కప్పకు ఏం కట్టినాం?”

“వేపమండలక్కా.”

“నెత్తిన ఏం పోసినాం?”

“నీళ్లక్కా.”

“వీధులన్నీ తిప్పినా చినుకు పడిందా?”

“యాడక్కా!”

“మరి ఇంత పెద్ద కప్ప తనకు తానే వేపాకు పూసుకోని, తనకు తానే నీళ్లు పోసుకోని, వానను గూడా ఎంటబెట్టుకోని ముహూర్తానికి వచ్చి నిలబడితే, అపశకునమని మూతులు ముడుచుకుంటారేందిరా?”

“మూతి ముడిచింది నువ్వే గదక్కా. లేచి నిలబడినావు.”

“కాలు తిమ్మిరెక్కి లేసినా! నీకెందుకురా?” అని, పురోహితుడి ముందున్న కలశం పక్క చెంబు అందుకొని, నా నెత్తి మీద బుడబుడమని కుమ్మరించింది. “వానలు పడాల తల్లీ! రెండు ఊర్లలోనూ పడాల!”

ఆ తర్వాత నా మాట ఎవరు వింటారు? కప్పతల్లికి నీళ్లు పోయడమంటే రాయలసీమలో ఏ ఆడమనిషి వెనకడుగు వేస్తుంది? రాజంపేట వాళ్లూ కోసిగి వాళ్లూ చెంబులు, గ్లాసులు, మంచినీళ్ల సీసాలు పట్టుకొని వరుస కట్టారు. మా అవ్వకు అప్పటికీ నేను ఎవరో తెలియలేదు. అయినా ఒక చెంబెడు పోసింది. బాషా ఏమైనా తక్కువ తిన్నాడా? పూలబుట్టలోని నీళ్లు పువ్వులతో సహా పోశాడు. మామను కూడా పట్టుకోబోయారు గానీ, ఆయన అప్పటికే అంగీ కొసతో ముఖం తుడుచుకొని మనుషుల్లో కలిసిపోయాడు.

తాంబూలాలు హాలులో పొడిగా మిగిలిన మూలన, భోజనాల బల్ల పక్కన మార్చుకున్నారు. ఉంగరాలు వేళ్లకు సబ్బు లేకుండానే పట్టాయి. తడిసిన వేళ్లు కదా. ఉమక్క నవ్వీ నవ్వీ కాటుక చెంపల దాకా కారింది. నేను ముఖం కడుక్కొని వస్తానంటే చెయ్యి పట్టుకొని ఆపింది.

“వద్దురా. ఫొటోకు ఇట్లే నిలబడు.”

ఆ ఫొటో ఇప్పుడు రెండు ఇళ్లలోనూ గోడ మీద ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పచ్చటి శాల్తీ ఎవరని అడుగుతారు. మా వాళ్లు ప్రేమగా, మొదటి నుంచి చివరిదాకా చెబుతారు.

తడిసి పాడైన తివాచీ సంగతి నాన్నా మేనేజరూ తలుపు వేసుకొని మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక నాన్న ఖాళీ పర్సు తెరిచి నాకు చూపించాడు. పెళ్లి ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చినప్పుడు మాత్రం పెంచలయ్య మామ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“ఒంటిమిట్టలో, రాములోరి సన్నిధిలో. ఆడ పైన గదులుండవు.”

కాబట్టి, శ్రీశైలానికి పడమట, తుంగభద్ర దక్షిణపు ఒడ్డున, నగరం నడిబొడ్డున, తడిసిన అంగీతో నిలబడి, మా ఇలవేల్పు ఉరుకుంద ఈరన్నస్వామి సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది: నీళ్లు రాని కొళాయి జోలికి పోను. దేవుడు పెట్టిన రంధ్రమైనా, మేస్త్రీ పెట్టిన రంధ్రమైనా మూయను. తప్పు ఎవరిదో తేలకుండా ఇంజనీరునని చెప్పుకోను. వేపాకును చెట్టు మీద తప్ప ఇంకెక్కడా, ముఖ్యంగా నా ముఖాన, ఈ జన్మలో ఉండనీయను.

ఇది రాస్తూ ఇక్కడ చుక్క పెట్టబోతుంటే ఫోన్ మోగింది. రాజంపేట నుంచి, ఓబులమ్మత్త.

“అబ్బీ రాఘవా, ఈ ఏడు ఇంకా ఒక్క చినుకు పడలేదబ్బీ. వేపాకు నూరి పెట్టినా. ఎప్పుడొస్తాండావు?”